సెల్ఫ్ తిరుగుతుంది, బండి కదలదు

ఫిబ్రవరి 18, విభూది బుధవారం

నుదుటిన విభూది, గోళ్ళలో గ్రీజు. శుభారంభం.

ఈ రోజు మొదలయ్యే నలభై రోజుల ఉపవాస కాలానికి ఈ ఏడు చాక్లెట్లు మానడం లేదు. ప్రతి ఏడూ మానడం, వారం తిరక్కుండా బీరువా తలుపు వెనక నిలబడి తినడం. చాలు. ఈసారి పెద్ద వ్రతమే పట్టాను. కారును నేనే బాగుచేస్తాను. ఈస్టర్ దాకా ఎవరినీ ఒక్క మాట అడగను. ముఖ్యంగా మా మరిది ఫింటన్‌ని.

నిన్న జరిగింది రాసి పెట్టుకుంటాను. మా ఆయన మలాకీ కళ్ళకు శుక్లాలు కమ్మాయి. ఆపరేషన్ అయ్యేదాకా స్టీరింగ్ ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. ఆ ఆపరేషన్‌కు మా వంతు ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేడు. ఇక్కడ రొట్టె కొనాలన్నా పట్నం పోవాలి, బస్సు శుక్రవారం ఒక్కటే. అందుకని యాభై ఆరేళ్ళ వయసులో నేను డ్రైవింగ్ నేర్చుకుంటున్నాను. మార్చి 26న పరీక్ష. పరీక్షకు మన కారు మనమే తీసుకెళ్ళాలి. ఈ తేదీ పోతే మళ్ళీ ఆకురాలు కాలానికి గాని దొరకదు. ఆలోపు నేను ఇదివరకు పాసైన రాత పరీక్ష గడువు తీరిపోతుంది. అంటే మళ్ళీ అ ఆల నుంచి.

లైసెన్సు ఉన్నవాళ్ళు పక్కన కూర్చోవాలి కాబట్టి పక్కింటి కన్సెప్టా టీచర్ కూర్చుంటుంది. చిన్నప్పుడు నాకు నాలుగో తరగతి చెప్పింది. ఆవిడ లెక్కలో నేనింకా నాలుగులోనే ఉన్నాను. నిన్న శ్మశానం మలుపు తిరగ్గానే రోడ్డు మీద గొర్రె. టీచర్ కేక పెట్టి, తన వైపు లేని బ్రేకును తొక్కింది. నా వైపు ఉన్నదాన్ని నేను తొక్కాను. బండి ఆగింది. అది ఆగడం వింతేమీ కాదు, నా చేతిలో పడ్డాక పూటకు పదిసార్లు ఆగుతుంది. మళ్ళీ స్టార్ట్ కాకపోవడమే వింత. తాళం తిప్పితే సెల్ఫ్ గుర్రు గుర్రుమని బ్రహ్మాండంగా తిరుగుతుంది. ఇంజన్ మాత్రం అందుకోదు.

ఫింటన్ ట్రాక్టరుకు తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చాడు. ముప్పై ఏళ్ళ నుంచి షెడ్డు నడుపుతున్న మెకానిక్. తాడు విప్పుతూ నా వైపు చూడకుండానే అన్నాడు.

"బండికి బుద్ధి ఎక్కువ వదినా. నడిపేది ఎవరో చూసుకుని మొరాయించింది."

అక్కడికక్కడే వ్రతం పట్టేశాను.

ఫిబ్రవరి 19, గురువారం

లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చాను. బస్సు లేని రోజు కదా, పాలవాడి వ్యానులో వెళ్ళాను. అది సాయం అడగడం కిందికి రాదు. వాహనం ఎక్కడం కిందికి వస్తుంది.

ఎంత తేలికో! ఇంజన్‌కు కావలసినవి మూడే:
గాలి.
నిప్పురవ్వ.
పెట్రోలు.
ఈ మూడింట్లో ఏది అందడం లేదో చూసుకుంటే చాలు. సెల్ఫ్ జోరుగా తిరుగుతోంది కాబట్టి బ్యాటరీ మంచిదే. దానికి టిక్కు పెట్టాను. ఈ ఫింటన్ లాంటివాళ్ళు ముప్పై ఏళ్ళుగా మనల్ని ఎలా బెదిరించారో ఇప్పుడు అర్థమవుతోంది. ఆదివారానికి బండి పరుగెడుతుంది.

ఫిబ్రవరి 20, శుక్రవారం

బానెట్ తెరిచాను. అంతకుముందు డిక్కీ తెరిచాను. అంతకుముందు పెట్రోలు మూత తెరిచాను. బానెట్ మీట ఏదో మలాకీకి తెలుసు. కానీ నేను అడగను, అతను చెప్పడు. గుమ్మంలో నిలబడి ఈల వేశాడు. మీట దగ్గరికి నా చెయ్యి పోయినప్పుడల్లా ఈల పైస్థాయికి వెళ్ళింది. ఈల వేయడం మాట్లాడడం కాదు.

గాలి వడపోసే డబ్బా విప్పాను. లోపల నిరుటి ఆకులు, ఒక చచ్చిన కందిరీగ. దులిపి పెట్టాను. గాలికి టిక్కు.

సెల్ఫ్ తిరుగుతుంది. బండి కదలదు.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఉపవాస కాలంలో ఆదివారాలు లెక్కలోకి రావు. ఇది నేను కల్పించింది కాదు, తిరుసభ చెప్పింది. కాబట్టి గుడి బయట నలుగురు మగవాళ్ళు చుట్టూ చేరితే చెవులు మూసుకోలేదు.

ఒకాయన ప్లగ్గులన్నాడు. ఒకాయన తేమ అన్నాడు. మూడో ఆయన తన మేనమామ బండి కూడా ఇలాగే చేసిందనీ, చివరికి మేనమామే పోయాడనీ చెప్పాడు. నాలుగో ఆయన ఏమీ చెప్పలేదు గాని తల అడ్డంగా ఊపిన తీరు చూస్తే ఆయనకే అన్నీ తెలుసని అనిపించింది. కన్సెప్టా టీచర్ మధ్యలోకి వచ్చి, నన్ను చూపిస్తూ, ఈ అట్రాక్టా చిన్నప్పటి నుంచీ కూడికలో తొందరపడి మిగులు మర్చిపోయేది, ఇక్కడా అలాంటిదే ఏదో చేసి ఉంటుంది అంది. మిగులు మర్చిపోతే కారు ఎందుకు ఆగుతుందో ఎవరూ అడగలేదు. అందరూ తలలూపారు.

ఫింటన్ కొంచెం దూరంలో గోడకు ఆనుకుని నవ్వుతున్నాడు. నేను అటు చూడలేదు.

ఫిబ్రవరి 25, బుధవారం

ఈ రోజు నిప్పురవ్వ.

ప్లగ్గు విప్పే పానా టీచర్ ఇంటి నుంచి తెచ్చాను. వస్తువు తెచ్చుకోవడం వేరు, సలహా తెచ్చుకోవడం వేరు. ప్లగ్గు ఊడదీసి, ఇనుముకు ఆనించి, సెల్ఫ్ కొడితే మెరుపు కనిపించాలట. ఒక మనిషి పట్టుకోవాలి, ఒక మనిషి తాళం తిప్పాలి. భార్యాభర్తలు ఒక్కటేనని పెళ్ళి చేసిన ఫాదర్ చెప్పారు గనుక మలాకీ వేరే మనిషి కింద లెక్కకు రాడు.

మలాకీ పట్టుకున్నాడు. కళ్ళు సరిగ్గా కనిపించక రబ్బరు చోట కాకుండా ఇంకోచోట పట్టుకున్నాడు. నేను తాళం తిప్పాను.

నిప్పురవ్వ ఉంది. టిక్కు.

మలాకీ నోటి నుంచి వచ్చిన మాట వాళ్ళ నాన్న పోయాక నేను మళ్ళీ వినలేదు. టీచర్ పెరట్లోంచి కూడా విన్నది. ఆ మాటలో వ్యాకరణ దోషం ఉందట.

మార్చి 1, ఆదివారం

ఆదివారం. మేయో, గాల్వే జిల్లాల ఫుట్‌బాల్ ఆట. ఇంట్లో రేడియో గరగరమంటోందని మలాకీ వెళ్ళి కారులో కూర్చుని విన్నాడు. ఆట అయ్యాక కూడా లేవలేదు. మా వాళ్ళు ఓడిపోయిన దుఃఖంలో ఉన్నాడని నేనూ కదిలించలేదు. అలాగే రేడియో పెట్టుకుని నిద్రపోయాడు.

ఇప్పుడు సెల్ఫ్ కూడా తిరగదు. టిక్ అంటుంది, ఊరుకుంటుంది.

పది రోజుల శ్రమతో సమస్యను రెట్టింపు చేశాం.

మార్చి 3, మంగళవారం

బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టాను. ఛార్జర్ కూడా టీచర్‌దే. ఇస్తూ, అరువు తెచ్చుకోవడం అలవాటైతే మంచిది కాదు అంది. సెల్ఫ్ మళ్ళీ తిరిగింది. ఆ గుర్రు గుర్రు చప్పుడుకు మేమిద్దరం ఎంత సంతోషించామో! మొదటి రోజు ఎక్కడున్నామో తిరిగి అక్కడికే వచ్చాం.

మార్చి 7, శనివారం

పాపసంకీర్తనానికి వెళ్ళాను. కోపం ఎక్కువైంది ఫాదర్ అన్నాను. ఎవరి మీద అని అడిగారు ఫాదర్ టియర్నన్. కారు మీద అన్నాను. సెల్ఫ్ తిరుగుతుంది గాని స్టార్ట్ కాదు అని వివరంగా చెప్పాను. పాపాన్ని వివరంగా చెప్పాలి కదా.

జాలీ అవతల కుర్చీ ముందుకు జరిగిన చప్పుడైంది.

"పెట్రోలా, డీజిలా?" అన్నారు.

"పెట్రోలు ఫాదర్."

"తాళం సగం తిప్పి ఆపితే వెనక సీటు కింద సన్నగా జుమ్మని వినిపించాలమ్మా. పెట్రోలు పంపు అది. వినిపిస్తోందా?"

ఎప్పుడూ వినలేదన్నాను. ప్రాయశ్చిత్తంగా మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమన్నారు. ఆ తర్వాత ఫ్యూజులు చూడమన్నారు.

నేను మనిషిని అడగలేదు. దేవుడికి చెప్పుకున్నాను. జవాబు ఏ గొంతులో వస్తుందనేది ఆయన ఇష్టం.

మార్చి 8, ఆదివారం

తాళం సగం తిప్పాను. మలాకీ వెనక సీటు మీద బోర్లా పడుకుని చెవి ఆనించాడు. వినిపించలేదు. నేను పడుకున్నాను. వినిపించలేదు. టీచర్ కిటికీలోంచి చూసి మాకేమైందోనని పరుగెత్తుకొచ్చింది. ఆవిడా పడుకుని వింది. వినిపించలేదు. ముగ్గురం లేచి బట్టలు దులుపుకున్నాం. ఫ్యూజులన్నీ ఒక్కొక్కటే తీసి వెలుతురులో చూశాను. ఒక్కటీ కాలలేదు.

తర్వాత పుస్తకంలో చెప్పినట్టు గాలి గొట్టంలోకి మందు కొట్టి సెల్ఫ్ కొట్టాను. డబ్బాలో వచ్చే మందు అది, చలికాలంలో బండ్లు అంటించడానికి కొడతారు. ఇంజన్ అందుకుంది! రెండు ఊపిరులు, అంతే. ఆగిపోయింది. అయినా అందుకుంది. వాకిట్లో మలాకీ నడుం పట్టుకుని రెండు చుట్లు తిరిగాను. అంటే గాలి ఉంది, నిప్పురవ్వ ఉంది, పెట్రోలు రావడం లేదు. నేను కనిపెట్టాను. నా అంతట నేను. ఆ ఫాదర్ గారు, మలాకీ, టీచర్, పుస్తకం, వాళ్ళంతా పక్కన ఉన్నారంతే.

మార్చి 12, గురువారం

టాంకులో పెట్రోలు ఉంది. ముల్లు చూపిస్తోంది, ఊపితే గలగలమంటోంది. పంపుకు ఏమైందో.

పంపు బిగుసుకుపోతే టాంకును కింద నుంచి తడితే కదులుతుందట. అప్పడాల కర్రతో తట్టాను. తట్టడం సరిపోలేదని కొట్టాను. తర్వాత ఎందుకు కొడుతున్నానో మర్చిపోయి కొట్టాను. మలాకీ వచ్చి కర్ర తీసుకున్నాడు.

సెల్ఫ్ తిరుగుతుంది. నా తల కూడా.

మార్చి 14, శనివారం

ఏమీ చేయలేదు. వాన.

టీ తాగుతుంటే మలాకీ మెల్లగా ఒక మాట అన్నాడు. పట్నంలో మందుల షాపు పైన అద్దెకు ఇల్లుందట. శుక్రవారం బస్సులో ఎవరో చెప్పారట.

"నడిచిపోయే దూరంలో అన్నీ ఉంటాయి" అన్నాడు.

"మరి నీ తేనెటీగల పెట్టెల సంగతి?"

"ఎవరైనా తీసుకుంటారులే."

అతను ఏ విషయమైనా అంత నెమ్మదిగా చెప్పాడంటే లోపల ఎప్పుడో తేల్చేసుకున్నాడని అర్థం. కప్పు పక్కన పెడదామని చెయ్యి చాచి, బల్ల అంచు వేళ్ళతో తడిమి చూసుకున్నాడు. ఇంతకుముందు అలా తడిమేవాడు కాదు. నేను పొయ్యి దగ్గరికి వెళ్ళి, లేని పని ఏదో చేశాను.

మార్చి 17, పాట్రిక్ పండగ

ఈ దేశాన్ని కాచే పునీతుడు పాట్రిక్, ఆయన పండగ రోజున ఉపవాసానికి సెలవు. ఈ దేశంలో పసిపిల్లను అడిగినా చెబుతుంది. కాబట్టి ఇది వ్రతభంగం కాదు.

ఫింటన్‌కి ఫోన్ చేశాను.

ఊరేగింపు నుంచి నేరుగా వచ్చాడు, చొక్కా జేబులో పండగకు పెట్టుకునే ఆకుపచ్చ ఆకుల కట్ట. ఎగతాళి చేస్తాడని పళ్ళు బిగబట్టుకుని నిలబడ్డాను. చేశాడు. బానెట్ తెరవకముందే, టీ కాగేలోపు అయిపోతుంది వదినా, కప్పులు కడుగు అన్నాడు. తాళం సగం తిప్పి విన్నాడు. పంపు చచ్చింది అని తేల్చాడు. ఆ మాట నేను తొమ్మిది రోజుల కిందటే అన్నాను. అదే అతనికి చెప్పాను. తలెత్తి నా వైపు చూశాడు. టీ చల్లారిపోయింది.

మార్చి 20, శుక్రవారం

కొత్త పంపు వచ్చింది. ఫింటన్ వెనక సీటు పీకి, పాత పంపు తీసి, కొత్తది పెట్టాడు. నేను దీపం పట్టుకున్నాను. అన్నీ బిగించి, చేతులు తుడుచుకుని, తాళం నాకిచ్చి, "కానీ వదినా" అన్నాడు.

సెల్ఫ్ తిరిగింది.

ఇంకోసారి తిరిగింది.

ఫింటన్ టోపీ తీసి లోపలికి చూసుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

మార్చి 21, శనివారం

ఫింటన్ పొద్దున్నే వచ్చాడు. తీగలన్నీ విప్పాడు. బిస్కట్లు తినలేదు. అన్నం వేళకు పిలిస్తే ఆకలి లేదన్నాడు. బండిలోంచి తల బయటికి పెట్టకుండానే, నీ పరీక్ష ఎప్పుడు అని అడిగాడు. గురువారం అన్నాను. ఆ తర్వాత ఇంకా తొందరగా విప్పాడు.

నవ్వుదామనుకున్నాను. నవ్వు రాలేదు.

మార్చి 22, ఆదివారం

ఇది నింపాదిగా రాయాలి.

పూజ నుంచి వచ్చాం. ఫింటన్ బానెట్‌లో నడుం దాకా దిగబడి ఉన్నాడు. మలాకీ పక్క సీటులో కూర్చుని గొంతు నొప్పి బిళ్ళ నోట్లో వేసుకోబోయాడు. అది జారి కింద పడింది. కనిపించదు కాబట్టి వంగి చేత్తో వెతుకుతున్నాడు. కాళ్ళు పెట్టుకునే చోట పక్క గోడకు చెయ్యి తగిలింది.

"అట్రాక్టా, ఇక్కడ బొత్తాం లాంటిదేదో ఉంది. పైకి లేచి ఉంది. ఇలాగే ఉండాలా?"

ఏమో అన్నాను. నొక్కనా అన్నాడు. ఇంకేం మిగిలిందని, నొక్కు అన్నాను. టక్‌మంది. తాళం నా చేతిలోనే ఉంది. సగం తిప్పాను. వెనక సీటు కింద జుమ్మని వినిపించింది.

మొత్తం తిప్పాను. ఇంజన్ అందుకుంది. ఫింటన్ బానెట్‌కు తల కొట్టుకున్నాడు.

బండి దేన్నైనా గట్టిగా గుద్దుకుంటే మంటలు లేవకుండా పెట్రోలు ఆపేసే బొత్తామట అది. ఒక్క తన్ను తగిలినా పైకి లేస్తుందట. ఫింటన్ నేల మీద కూర్చుని, నెత్తి రుద్దుకుంటూ, మాకు చెబుతున్నాడో తనకు తాను చెప్పుకుంటున్నాడో తెలియకుండా చెప్పాడు. ఆ వైపు తన్నేవాళ్ళు ఎవరున్నారని అడిగాడు. నేనూ మలాకీ ఒకేసారి పక్కింటి వైపు చూశాం. లేని బ్రేకు.

టీచర్‌కు చెప్పక తప్పలేదు. ఆవిడ శాంతంగా విన్నది.

"అయితే ఆ రోజు బండిని ఆపింది నేనే అన్నమాట. గొర్రె నాకు రుణపడి ఉంది" అంది.

ఫింటన్ వెళ్ళబోతూ గేటు దగ్గర ఆగాడు. ఆ మందు కొట్టి చూడడం మంచి ఆలోచన వదినా, నాకు తట్టలేదు అన్నాడు. అని, నేను జవాబు చెప్పేలోపు వెళ్ళిపోయాడు.

వ్రతం సంగతి రాయను. ఆదివారం.

మార్చి 26, గురువారం

పరీక్ష.

పరీక్ష పెట్టే ఆవిడ సన్నగా, సూదిలా ఉంది. ముందు బానెట్ తెరిచి, ఇంజన్ ఆయిలు ఎక్కడ పోస్తారో చూపించమంది. చూపించాను. పనిలో పనిగా ప్లగ్గులు, గాలి డబ్బా, ఫ్యూజులు కూడా చూపించాను. పెట్రోలు పంపు చూపించడానికి వెనక సీటు ఎత్తబోతుంటే, చాలమ్మా, చాలు అంది. ఆ తర్వాత బండి ఒక్కసారి ఆగింది, వంతెన ఎక్కేచోట. నేను కంగారు పడలేదు. మళ్ళీ స్టార్ట్ చేశాను. అంటుకుంటుందని తెలిసిన బండిని అంటించడం ఎంత సుఖమో.

పాస్.

ఇంటికొచ్చాక మలాకీ ఎల్ బోర్డు పీకాడు. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ఆ అక్షరాన్ని చూశాడు. మందుల షాపు పైన ఇల్లు వేరేవాళ్ళు తీసుకున్నారట, పాపం వాళ్ళకు పొద్దస్తమానం దగ్గుల చప్పుడు అన్నాడు.

ఏప్రిల్ 5, ఈస్టర్

మేమిద్దరమే సముద్రం దగ్గరికి వచ్చాం. మొదటిసారి, పక్కన ఎవరి కేకలూ లేకుండా. మలాకీ ఇసుకలో బూట్లు విప్పి నడిచాడు. అలలు కనిపించవు గాని ఎంత దూరంలో ఉన్నాయో చప్పుడును బట్టి చెప్పాడు. కోడిగుడ్డు శాండ్‌విచ్‌లు తిన్నాం. ఇసుకతో సహా.

ఇంటికి పోదామని తాళం తిప్పాను.

సెల్ఫ్ తిరిగింది.

బొత్తాం చూశాను. కిందికే ఉంది. జుమ్మని వినిపిస్తోంది. నిప్పురవ్వ ఉందో లేదో చూడడానికి మళ్ళీ ప్లగ్గు పట్టుకోనన్నాడు మలాకీ. ఫింటన్‌కి ఫోన్ చేద్దామా అన్నాడు. వద్దన్నాను.

కాబట్టి ఈ రోజు నుంచి యాభయ్యో రోజున వచ్చే పెంతెకోస్తు పండగ దాకా కొత్త వ్రతం. కారును నేనే చూసుకుంటాను. ఎవరినీ అడగను. ఈసారి ఆదివారాలతో సహా.

అవతల ఇసుక దిబ్బ పక్కన ఒక పెద్ద వ్యాను ఆగి ఉంది. జర్మనీ నంబరు. అందులోంచి ఒక పెద్దాయన దిగి, చేతులు వెనక్కి కట్టుకుని ఇటువైపే చూస్తున్నాడు. నేను అటు చూడడం లేదు. బానెట్ మాత్రం తెరిచి పెట్టాను. ఇంజన్‌కు గాలి తగలాలి కదా.